ఖాళీ కూడా లెక్కలోనిదే

వార్షిక సంచికలలో విద్యను గురించి వ్రాసేవారు సాధారణంగా దానిని మెట్లదారితో పోలుస్తారు. పాఠశాల ఒక మెట్టు, ఇంటర్మీడియెట్ మరొక మెట్టు, డిగ్రీ ఆ పై మెట్టు. ఎక్కేవాడు ఎక్కడా ఆగకుండా ఎక్కుతూ పోతాడన్న ఊహ ఆ పోలికలో ఉన్నది. మేము ఆగినవాళ్ళము. ఏడేళ్ళు ఆగినవారు మాలో ఉన్నారు. పదహారేళ్ళు ఆగినవారూ ఉన్నారు. మన కళాశాల సాయంకాల తరగతులలో బి.ఏ., బి.కాం. చదువుతున్న తొమ్మిదిమందిమి కూర్చుని, ఆలోచించి, ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. మాలో కొందరి ఇంటి భాష ఉర్దూ, కొందరిది తెలుగు. ఒకరు లాడ్ బజారులో లక్క గాజుల దుకాణంలో ఖాతాలు వ్రాసినవారు. ఒకరు దుబాయిలో కరెంటు పని చేసి వచ్చినవారు. ఒకరు లారీల ఆఫీసులో గుమాస్తా. ఇద్దరు కుట్టుమిషను మీద ఇల్లు గడిపిన తల్లులు. తక్కినవారి కథలూ ఇంచుమించు ఇటువంటివే.

మేము చెప్పదలచినది సూటిగా ముందే చెప్పుకుంటాము. చదువు ఆగిపోయిన కాలంలో మాకు సంగీతం పరిచయమైంది. ఆ సంగీతమే మమ్మల్ని మళ్ళీ చదువు దగ్గరకు తీసుకువచ్చింది. కనుక సంగీతాన్ని వార్షికోత్సవం నాటి వినోదంగా మాత్రమే చూడటం సరికాదని మా అభిప్రాయం. అట్లాగే మధ్యలో ఆగి తిరిగి వచ్చిన విద్యార్థిని, పగిలిన పాత్రను చూసినట్లు చూడటమూ సరికాదు. ఈ రెండు విషయాలకూ గల సంబంధాన్ని విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల పాలక సంఘం ముందు ఉంచటమే ఈ వ్యాసం ఉద్దేశం.

సంగీతం మాకు కచేరీలలో దొరకలేదు. టిక్కెట్లు కొని సభలకు పోయే తీరిక, స్తోమత మాకు లేవు. గాజుల దుకాణంలో పనిచేసిన మిత్రునికి అది యజమాని పెట్టే రేడియోలో దొరికింది. దుబాయిలో ఒక గదిలో ఎనిమిదిమంది పడుకునే చోట, పక్క మంచం మీది మనిషి ఫోనులో దొరికింది. ఆ పెద్దమనిషి ప్రతి రాత్రి బడే గులాం అలీ ఖాన్ ఠుమ్రీలు పెట్టుకుని నిద్రపోయేవాడట. అంతవరకు మా మిత్రునికి పాట అంటే మాటలు, కథ, తెరమీది బొమ్మ. ఆ రాత్రులలో మాటలు సరిగా తెలియకపోయినా గొంతు తెలిసింది. ఒకే మాటను పది విధాలుగా తిప్పి చెప్పినప్పుడు ఆ పది విధాలకూ పది భావాలు ఉన్నాయని తెలిసింది. కొంతకాలానికి మరొక సంగతీ తెలిసింది. ఆ మహాగాయకుడు 1968లో కన్నుమూసింది మన హైదరాబాదులోనే. బషీర్‌బాగ్‌లో ఆయన పేరు పెట్టిన వీధి ఉన్నది. మా మిత్రుడు ఆ దారిన లెక్కలేనన్నిసార్లు నడిచినవాడే. తన ఊరి గొప్పతనాన్ని ఎడారి దేశంలో, ఇనుప మంచం మీద తెలుసుకోవలసి వచ్చిందని అతడు ఇప్పటికీ చెబుతుంటాడు.

కుట్టుమిషను మీద ఇల్లు గడిపిన సోదరికి సంగీతం దొరికిన తీరు వేరు. కూతురిని వీణ టీచరమ్మ దగ్గర చేర్చి, పాఠం ముగిసేదాకా అరుగు మీద కూర్చుని కాజాలు కుట్టేది. లోపల సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు నడుస్తుండేవి. ఏడాది గడిచేసరికి కూతురికి వచ్చిన పాఠమంతా తల్లికీ వచ్చింది. టీచరమ్మ అది కనిపెట్టి ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. రుసుము అడగలేదు. విద్య తలుపు అవతల కూర్చున్నవారికి కూడా వస్తుందనటానికి మాకు వేరే నిదర్శనం అక్కరలేదు.

మాలో నలుగురము కలిసింది మా బస్తీలోని ఒక వృద్ధ తబలా ఉస్తాద్ ఇంట్లో. శుక్రవారం సాయంత్రాలు, మగ్రిబ్ నమాజు తరువాత, ఆయన చిన్న గదిలో జంపఖానా పరచి కూర్చునేవాళ్ళము. మొదటి నెలంతా ఉస్తాద్ సాబ్ మమ్మల్ని తబలా ముట్టనివ్వలేదు. చేతులతో తాళం వేస్తూ లెక్కపెట్టమన్నారు, అంతే. ఆ లెక్కలోనే ఈ వ్యాసం పుట్టింది కనుక దానిని కొంచెం వివరిస్తాము.

హిందుస్తానీ సంగీతంలో అన్నిటికన్నా ప్రచారంలో ఉన్న తాళం తీన్‌తాల్. దానికి పదహారు మాత్రలు. నాలుగేసి మాత్రల విభాగాలు నాలుగు. మొదటి మాత్రను సమ్ అంటారు. ఒకటవ, అయిదవ, పదమూడవ మాత్రల మీద చప్పట్లు పడుతాయి. తొమ్మిదవ మాత్ర మీద చప్పట్లు లేవు. అక్కడ చేతిని గాలిలో విప్పి పక్కకు చూపాలి. దాని పేరు ఖాళీ. ఉర్దూలోను, తెలుగులోను మనం రోజూ వాడే మాటే అది. తబలా మీద ఆ ప్రాంతంలో ఎడమచేతి డగ్గా గంభీరనాదం తగ్గిపోతుంది. ధిన్ అని మోగవలసినది తిన్ అని పలుచగా మోగుతుంది. మొదట మాకు అది లోపమనిపించింది. నాలుగింట మూడు విభాగాలు నిండుగా మోగి ఒకటి మాత్రం ఎందుకు వెలవెలబోవాలి? నెల రోజులు లెక్కపెట్టిన తరువాత సమాధానం మాకే దొరికింది. నాలుగు విభాగాలూ ఒకే తీరుగా మోగితే, పాడేవానికి తాను ఆవృత్తంలో ఎక్కడ ఉన్నాడో తెలియదు. ఖాళీ వినబడగానే సమ్ ఇంకెంత దూరమో తెలుస్తుంది. సమ్‌కు చేరే దారి ఖాళీ మీదుగానే ఉన్నది. ఖాళీని వదిలి లెక్కించినవాడు పదహారుకు చేరడు.

ఈ సంగతి మేము చర్చించుకుంటుండగా, వీణ నేర్చుకున్న సోదరి కర్ణాటక సంగీతంలోనూ ఇదే ఉన్నదని చెప్పింది. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. ముందు నాలుగు అక్షరాల లఘువు, తరువాత రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు. లఘువులో ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క. ద్రుతంలో ఒక దెబ్బ, ఒక విసర్జితం. విసర్జితమంటే అరచేతిని విసరి వెల్లకిలా చూపటం. దానికి చప్పుడు లేదు. శాస్త్రకారులు తాళక్రియలను సశబ్దమని, నిశ్శబ్దమని రెండు తెగలుగా విభజించారు. నిశ్శబ్దమైన క్రియకు ఇచ్చిన కాలం సశబ్ద క్రియకు ఇచ్చిన కాలంతో సమానమే. రెండు సంప్రదాయాల పెద్దలు రెండు దారులలో నడిచి, మౌనాన్ని కూడా లెక్కించాలన్న ఒక్క మాట దగ్గర కలిశారు.

ఇక సంగీతం మమ్మల్ని చదువువైపు ఎట్లా మళ్ళించిందో చెప్పాలి. అది భావావేశం వల్ల జరిగిన పని కాదు. సంగీతం మాలో ప్రశ్నలు పుట్టించింది. వాటికి జవాబులు మా దగ్గర లేవు. తంబూరా తీగలను శ్రుతి చేసేటప్పుడు షడ్జమానికి పంచమం ఎందుకంత అందంగా అతుకుతుందని అడిగాము. ఆ రెండు నాదాల ప్రకంపనల నిష్పత్తి రెండుకు మూడని ఉస్తాద్ సాబ్ గారి మనుమడు చెప్పాడు. చిన్ననాడు నల్లబల్ల మీద చూసి భయపడిన భిన్నాలు చెవికి ఇంత తీయగా ఉంటాయని మాకు ఎవరూ చెప్పలేదు. తబలా మధ్యన నల్లని పూత ఎందుకని అడిగాము. దాని వెనుక భౌతికశాస్త్రం ఉన్నదని, మామూలు డోళ్ళలో లేని అనునాద క్రమం ఆ పూత వల్ల మన మృదంగానికి, తబలాకు వచ్చిందని, సర్ సి.వి. రామన్ 1920లోనే ఒక సహచరునితో కలిసి ఈ విషయాన్ని ప్రకటించారని తెలిసింది. నోబెల్ బహుమతి పొందటానికి పది సంవత్సరాల ముందు ఆ శాస్త్రవేత్త ఆలోచనలో మన తబలా ఉన్నదన్న మాట. సైన్సు విద్యార్థి మిత్రులు ఈ సంగతిని జ్ఞాపకం పెట్టుకోవాలని మా కోరిక.

సాహిత్యం విషయంలోనూ ఇంతే జరిగింది. తెలుగు పాఠంలో గణవిభజన అంటే గుండె దడ పుట్టని విద్యార్థి అరుదు. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, భ ర న భ భ ర వ గణాలు, పదవ అక్షరం యతిస్థానం అని కంఠస్థం చేసి, పరీక్ష ముగియగానే మరచిపోవటం పరిపాటి. చేతితో తాళం వేయటం వచ్చినవానికి గురువు అంటే రెండు మాత్రలు, లఘువు అంటే ఒక మాత్ర అని చెబితే చాలు, పద్యం దానంతట అది విడిపోతుంది. ఉర్దూ మిత్రులు బహర్ విషయంలో పడే బాధ కూడా ఇదే. గజల్‌లో రదీఫ్, కాఫియా చెవికి దొరుకుతాయి. బహర్ మాత్రం పుస్తకంలో దాగి ఉంటుంది. మేము ఒక సాయంత్రం ఒక తెలుగు పద్యపాదాన్ని, ఒక ఉర్దూ మిస్రాను పక్కపక్కన పెట్టి దీర్ఘ హ్రస్వాలను లెక్కించి చూశాము. భాషలు వేరైనా లెక్కపెట్టే పద్ధతిలో ఎంతో సామ్యం కనబడింది. రెండు భాషల విద్యార్థులు ఒకే ఆవరణలో చదివే మన కళాశాలలో ఈ సామ్యాన్ని తరగతిలో చూపకపోవటం మనకే నష్టం.

అన్నిటికన్నా ముఖ్యంగా సంగీతం మాకు చదివే పద్ధతిని నేర్పింది. ఉర్దూలో రియాజ్ అంటారు, తెలుగులో సాధన అంటారు. ఒకే పలుకును మూడు నెలలు వాయించాలి. మొదట విలంబంగా, తరువాత మధ్యంగా, చివరకు ద్రుతంగా. వేగం దానంతట అది రావాలి. లాక్కుని తెచ్చుకుంటే వేళ్ళు తడబడతాయి. ఈ శిక్షణ పొందినవానికి అకౌంటెన్సీలో ఒక అధ్యాయాన్ని ఆరుసార్లు చదవటం శిక్షగా తోచదు. పరీక్షకు వారం ముందు గైడు పుస్తకం పట్టుకుని కూర్చోవటం, ద్రుతంతో సాధన మొదలుపెట్టటం వంటిది. మాకు జ్ఞాపకశక్తి ఇరవై ఏళ్ళ పిల్లలకన్నా తక్కువే కావచ్చు. సహనం మాత్రం ఎక్కువ. ఆ సహనం పుస్తకాల వల్ల రాలేదు, తబలా వల్ల వచ్చింది.

ఇట్లా ప్రశ్నలూ సహనమూ వెంటబెట్టుకుని మేము దరఖాస్తు ఫారాల దగ్గరకు వచ్చాము. చాలా విద్యాసంస్థలలో మావంటివారిని అడిగే ఒక కాగితం ఉన్నది. వాడుకలో దానిని గ్యాప్ సర్టిఫికెట్ అంటారు. స్టాంపు కాగితం కొని, నోటరీ ముందు సంతకం పెట్టి, ఫలానా సంవత్సరం మొదలు ఫలానా సంవత్సరం వరకు మరెక్కడా చదువలేదని వ్రాసివ్వాలి. ఆ కాలంలో ఏ చట్టవిరుద్ధమైన పనీ చేయలేదని కూడా అందులో చేర్చటం కొన్ని చోట్ల ఆనవాయితీ. నియమాన్ని మేము తప్పుపట్టటం లేదు. ఒకే వ్యక్తి రెండుచోట్ల చేరకుండా చూడటం అవసరమే. కాని ఆ కాగితం అడిగే తీరును గమనించండి. చేయనివి ఏమిటో అది అడుగుతుంది. చేసినవి ఏమిటో అడగదు. పదహారేళ్ళలో తండ్రి అప్పు తీర్చిన కొడుకు, ముగ్గురు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసిన అన్న, ఇద్దరు పిల్లలను బడికి పంపిన తల్లి, అందరూ ఆ కాగితం మీద ఒకే విధంగా కనబడతారు. ఖాళీగా ఉన్నవారు! అక్కడ ఖాళీ అంటే శూన్యం. తాళంలో ఖాళీ అంటే తొమ్మిదవ మాత్ర. ఈ రెండు అర్థాలలో విద్యాలయం దేనిని స్వీకరించాలో ఆలోచించవలసినదిగా పెద్దలను ప్రార్థిస్తున్నాము.

ఆలస్యంగా ప్రారంభించటాన్ని గురించి కూడా సంగీతశాస్త్రం ఒక మంచి మాట చెప్పింది. తాళమూ పాటా ఒకేసారి మొదలైతే సమగ్రహం. పాట ముందు మొదలై తాళం తరువాత వస్తే అతీతగ్రహం. తాళం మొదలై నడుస్తుండగా పాట తరువాత వచ్చి చేరితే అనాగతగ్రహం. మూడింటికీ శాస్త్రం పేర్లు పెట్టింది, మూడింటికీ స్థానమిచ్చింది. తాళం మొదలైన తరువాత ఎత్తుకున్న కృతిని ఎవరూ ఆలస్యంగా వచ్చినదని అనరు. అది ఎత్తుగడలో ఒక అందం. మేము అనాగతగ్రహపు విద్యార్థులము.

మళ్ళీ విద్యార్థి కావటం చిన్నతనం కాదని చాటిన మహావిద్వాంసులు ఎందరో ఉన్నారు. కిరానా ఘరానాకు కీర్తి తెచ్చిన అబ్దుల్ కరీం ఖాన్ అప్పటికే పేరు పొందిన ఖయాల్ గాయకుడు. అయినా మైసూరు ఆస్థానానికి పోయినప్పుడు కర్ణాటక సంగీతాన్ని శ్రద్ధగా విని, నేర్చుకుని, త్యాగరాజస్వామి తెలుగు కృతిని గ్రామఫోను రికార్డుకు ఎక్కించాడు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా తరతరాల నాదస్వర విద్వాంసుల ఇంటి బిడ్డ. మన ప్రాంతంలో పేరు వచ్చిన తరువాత కూడా తంజావూరు బాణీ నేర్వాలని తమిళనాడుకు పోయి, నాచియార్‌కోయిల్ సోదరుల వద్ద శిష్యుడుగా కూర్చున్నాడు. శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి ఆయనను వరించాయి. ఆయన బాటలో నడిచిన షేక్ మహబూబ్ సుబాని, కాలీషాబి మహబూబ్ దంపతులు 2020 సంవత్సరపు పద్మశ్రీ పొందారు. తెలుగు నేల మీది ముస్లిం ఇంటి బిడ్డలు ఆలయాలలో మంగళవాద్యం వినిపించి దేశం మెప్పు పొందారన్న సంగతి మన కళాశాల విద్యార్థులకు తెలియకపోతే మరెవరికి తెలియాలి? ముందు చెప్పిన బడే గులాం అలీ ఖాన్ కూడా చివరి సంవత్సరాలలో పక్షవాతం సోకిన తరువాత, కుమారుడు తోడుగా మళ్ళీ వేదికనెక్కి పాడినవాడే.

సంగీతం విద్యకు వెలుపలిదన్న భావం కూడా పాతది కాదు. తత్త్వవేత్త అల్-ఫారాబీ సంగీతం మీద మహాగ్రంథం వ్రాశాడు. పూర్వం ఐరోపా విద్యాలయాలలో అంకగణితం, రేఖాగణితం, ఖగోళశాస్త్రాలతో పాటు సంగీతం నాలుగవ శాస్త్రంగా ఉండేది. మన దేశంలో 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆశ్రయంలో శారంగదేవుడు సంగీతరత్నాకరం రచించాడు. విజయనగరంలో 1919లో వెలసిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు హరికథా పితామహుడు మాత్రమే కాదు. పారశీకం నేర్చి ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చినవాడు. ఒక్క మనిషిలో ఇన్ని భాషలూ ఇంత సంగీతమూ ఇమిడినప్పుడు, ఒక్క కళాశాలలో ఇమడవా?

మా ప్రతిపాదనకు రాగల ఆక్షేపణలు మాకు తెలియనివి కావు. మొదటిది, పరీక్షలు, ఉద్యోగాలు. పేద ఇళ్ళ పిల్లలు ముందు డిగ్రీ తెచ్చుకోవాలి, ఈ సరదాలు తరువాత అని కొందరు పెద్దలు అంటారు. ఆ ఆందోళన న్యాయమైనదే. మేమూ పేద ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. కాని వారానికి ఒక గంట ఏకాగ్రతతో వినటం నేర్చినవాడు మిగిలిన గంటలను మరింత బాగా వాడుకుంటాడని మా అనుభవం. నేటి విద్యార్థి చెవిలో పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏదో ఒక పాట మోగుతూనే ఉన్నది. కొరత పాటలకు లేదు, వినటానికి ఉన్నది. ఒక రాగాన్ని ముప్పై నిమిషాలు కదలకుండా విన్నవాడు ఉపన్యాసాన్ని నలభై నిమిషాలు వినగలడు.

రెండవది మతానికి సంబంధించినది. దీనిని తేలికగా తీసివేయటం మాకు ఇష్టం లేదు. సంగీతం విషయమై ముస్లిం విద్వాంసులలో శతాబ్దాలుగా భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. 1111లో పరమపదించిన ఇమాం గజాలీ తమ ఇహ్యా ఉలూముద్దీన్ గ్రంథంలో సమా విషయానికి ఒక భాగమే కేటాయించి, ఏది సమ్మతమో, ఏది కాదో విడమరచి చర్చించారు. చిష్తీ సూఫీలు సమాను ఆదరించారు. ఆదరించని పెద్దలూ భక్తిలో తక్కువవారు కారు. ఈ వివాదాన్ని తీర్చే అర్హత మాకు లేదు, తీర్చమని మేము ఎవరినీ అడగటం లేదు. రానివారిని ఎవరూ ఎందుకు రాలేదని అడగకూడదు. నమాజు వేళలకు అడ్డు రాకూడదు. రంజాన్ మాసంలోను, ముహర్రం దినాలలోను ఆ గంటను నిలిపివేయాలి. ఈ మర్యాదలు పాటిస్తే ఎవరి మనసూ నొవ్వదని మా నమ్మకం. మా తొమ్మిదిమందిలోనే ఒక మిత్రుడు వాద్యాలు వినడు. అతడు తాళం లెక్కలు మాత్రం మా అందరికన్నా బాగా వేస్తాడు.

మూడవది ఖర్చు. దీనికి జవాబు చాలా చిన్నది. సాయంత్రం తాళం పడే గదులు మన భవనంలో ఉన్నాయి. ఒక జంపఖానా, రెండు స్పీకర్లు చాలు. రికార్డులు నేడు ఫోనులోనే దొరుకుతున్నాయి. బోధకుని నియామకం కూడా మేము కోరటం లేదు. ఒక వారం ఉర్దూ విద్యార్థి ఒక ఖయాల్‌ను పరిచయం చేస్తాడు, మరొక వారం తెలుగు విద్యార్థిని ఒక కృతిని పరిచయం చేస్తుంది. యమన్ విన్న చెవికి కల్యాణి, మాల్‌కౌఁస్ విన్న చెవికి హిందోళం, భూపాలీ విన్న చెవికి మోహన దూరపు చుట్టాలుగా తోచవు. పరిచయం చేసేవాడు సిద్ధమై రావాలి కనుక అతడికి అదే పాఠం.

ఇక మా విన్నపాలు మూడు. మొదటిది, వారానికి ఒక సాయంత్రం ఒక గంట, ఒక గది, శ్రవణానికి కేటాయించాలి. రెండవది, సాయంకాల తరగతుల విద్యార్థుల కోసం గ్రంథాలయాన్ని తరగతులు ముగిసిన తరువాత మరొక గంట తెరచి ఉంచాలి. పని నుంచి పరుగున వచ్చి, తరగతి ముగించుకుని బయటికి వచ్చేసరికి గ్రంథాలయం మూసి ఉండటం వల్ల మాకు పుస్తకం అందటం లేదు. మూడవది, మన కళాశాల ప్రవేశపత్రంలో చదువు ఆగిన కాలాన్ని గురించి అడిగేచోట, ఆ కాలంలో చేసిన పని, నేర్చిన విద్య అని ఒక్క గడి చేర్చాలి. ఆ గడిని చూసిన అధ్యాపకుడు తన ముందు కూర్చున్నవాడు గాజుల లెక్కలు వ్రాసినవాడో, కరెంటు పని తెలిసినవాడో గుర్తిస్తాడు. వాణిజ్యశాస్త్రం చెప్పేటప్పుడు అతడినే ఉదాహరణ అడుగవచ్చు.

ఇవి కాలానికి విరుద్ధమైన కోరికలు కావు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులో ఏర్పడింది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉన్నది. పైచదువుల అర్హతపత్రాలు లేనివారిని కూడా అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో చేర్చుకున్న చరిత్ర దానిది. 2020 జాతీయ విద్యావిధానం కూడా విద్యార్థి మధ్యలో ఆగి, చదివినంతవరకు గుర్తింపు పొంది, తిరిగి వచ్చి చేరే పద్ధతిని సూచించింది. పెద్ద సంస్థలు, పెద్ద పత్రాలు అంగీకరించిన సంగతిని మన చిన్న కళాశాల ఒక గదితో, ఒక గంటతో, ఒక గడితో ఆచరణలో పెట్టవచ్చు.

పగటి తరగతుల తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక్క మాట. మీ పక్కన కూర్చున్నవారు ఒకనాటి నుంచి కనబడకపోవచ్చు. ఇంట్లో జబ్బు, అప్పు, పెళ్ళి, గల్ఫు వీసా, ఏదో ఒక కారణం ఉంటుంది. అతడిని హాజరుపట్టీ నుంచి తీసివేయటం కార్యాలయం పని, అది జరుగుతుంది. మీరు మాత్రం లెక్క ఆపవద్దు. పుస్తకాలు పంపండి, పరీక్ష తేదీలు చెప్పండి, నెలకు ఒకసారి ఫోను చేయండి. మాలో ఎక్కువమందిమి తిరిగి రాగలిగింది అట్లా లెక్క ఆపని మిత్రుడు ఒకడైనా ఉండటం వల్లనే. చప్పట్లు లేని మాత్రలో కూడా ఎవరో ఒకరు చేయి కదుపుతూ ఉండాలి.

ఈ విన్నపాలను పాలక సంఘం తమ రాబోయే సమావేశంలో చర్చకు తీసుకోవలసినదిగా సవినయంగా కోరుతున్నాము. గది తెరిచిన మొదటి సాయంత్రం జంపఖానా పరిచే పని మాది.